పాత ఆటను బాగుచేస్తున్న అబ్బాయి బీటెక్ మానేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రోజూ ఇంటి నుంచే వెళ్లి వస్తాడు. రాత్రి ఒంటిగంట దాటినా కంప్యూటర్ ముందు నుంచి లేవడు. శాన్ ఆండ్రియాస్ అనే పాత ఆట కొత్త కంప్యూటర్లలో సరిగా నడవడం లేదట, దాన్ని బాగుచేస్తున్నానంటాడు. మొదటి ఏడాది మ్యాథ్స్ పేపరు తప్పాడు. ఇప్పుడు బీటెక్ మానేసి, ఆరు లక్షల ఫీజు కట్టి గేమ్ డిజైన్ కోర్సులో చేరతానంటున్నాడు. మా తమ్ముడేమో ఇదంతా పైరసీ, రేపు కేసులవుతాయని భయపెడుతున్నాడు. నాకేమీ పాలుపోవడం లేదు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి రాత్రిళ్లు చేస్తున్నది నిజంగా బాగుచేసే పనే అయితే, మీరు అనుకుంటున్నదానికన్నా అది చాలా విలువైన పని. అయితే దానికోసం బీటెక్ మానేయడం మాత్రం సరికాదు. ఈ రెండూ ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను. మధ్యలో కొంచెం సాంకేతిక విషయం వస్తుంది. దాన్ని దాటేయకుండా చదవండి, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

రాక్‌స్టార్ కంపెనీ చేసిన జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) వరుసలోని శాన్ ఆండ్రియాస్ 2004లో ప్లేస్టేషన్ 2 అనే ఆటల యంత్రానికి, మరుసటి ఏడాది కంప్యూటర్లకు వచ్చింది. తయారుచేసిన కంపెనీ తర్వాతి ఆటల పనిలో పడిపోతుంది, పాత ఆటలోని లోపాలు అలాగే ఉండిపోతాయి. వాటిని అభిమానులే సరిదిద్ది ఉచితంగా పంచుతుంటారు. ఇలాంటి మార్పులను మాడ్‌లు అంటారు, కేవలం లోపాలను సరిచేసేవాటిని ప్యాచ్‌లు అంటారు. ఈ ఆటకు పేరున్న ప్యాచ్ 'సైలెంట్‌ప్యాచ్'. దాన్ని తయారుచేసింది సైలెంట్ అనే మారుపేరున్న పోలండ్ ప్రోగ్రామర్.

2024లో విండోస్ 11కు 24హెచ్2 అనే వెర్షన్ వచ్చాక ఆ ఆటలో ఒక వింత జరిగింది. నీటి మీద వాలే స్కిమ్మర్ అనే చిన్న విమానం ఆటలోంచి మాయమైంది. మిగతా వాహనాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, అదొక్కటే లేదు. చూసిన ఎవరికైనా విండోస్ తప్పేననిపిస్తుంది. సైలెంట్ అలా అనుకుని వదిలేయలేదు. ఆట సోర్సు కోడు, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రతి, బయటివాళ్లకు అందుబాటులో లేదు. కాబట్టి నడుస్తున్న ప్రోగ్రాము లోపల ఏం జరుగుతోందో చూపే డీబగ్గర్ పెట్టి, కంప్యూటర్ నేరుగా అమలుచేసే మెషిన్ కోడును అడుగడుగునా గమనిస్తూ వెనక్కి వెళ్లాడు. చివరకు తేలింది ఇది.

ఆటలోని ప్రతి వాహనానికీ డేటా ఫైలులో ఒక వరుస ఉంటుంది. అందులో పేరు, రకం, ఇంకొన్ని వివరాలతో పాటు చక్రాల సైజు కూడా ఉంటుంది. స్కిమ్మర్ వరుసలో మాత్రం చక్రాల సైజు లేదు. అంతకుముందు వచ్చిన వైస్ సిటీ ఆటలో స్కిమ్మర్‌ను పడవల కింద రాశారు, పడవకు చక్రాల అంకెలు అక్కర్లేదు. శాన్ ఆండ్రియాస్‌లో దాన్ని విమానాల కిందికి మార్చారు కానీ ఆ అంకెలు చేర్చలేదు. ఫైలును చదివే కోడు 'ఎస్‌స్కాన్ఎఫ్' అనే ఫంక్షన్‌తో అంకెలను తీసుకుంటుంది. కావలసినన్ని అంకెలు దొరికాయో లేదో సరిచూసుకోదు. దొరకని చోట, మెమరీలో అంతకుముందు ఏది ఉంటే అదే మిగిలిపోతుంది. స్కిమ్మర్‌కు ముందు చదివిన వ్యాను చక్రాల సైజు 0.7. ఆ అంకె అదృష్టం కొద్దీ చెరిగిపోకుండా అక్కడే ఉండేది. ఇరవై ఏళ్లపాటు ఆ విమానం వ్యాను చక్రాల సైజుతోనే నడిచిపోయింది. కొత్త విండోస్‌లో సిస్టమ్ ఫంక్షన్ ఒకటి మెమరీలో సరిగ్గా ఆ చోటును వాడుకోవడంతో 0.7 చెరిగిపోయి అర్థంలేని అంకె మిగిలింది. దాంతో లెక్క తప్పి విమానం ఊహకందనంత ఎత్తున ప్రత్యక్షం కావడం మొదలైంది. ఎవరికీ కనిపించనిది అందుకే. విండోస్ చేసిన తప్పేమీ లేదు. అంకె లేనప్పుడు ఏ విలువ తీసుకోవాలో ముందే చెప్పి ఉంటే సరిపోయేది, సైలెంట్ చేసిన మరమ్మతు కూడా అదే.

అమ్మా, ఆ ఎస్‌స్కాన్ఎఫ్ మీ అబ్బాయి మొదటి ఏడాది సీ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాల్లో చదివిన స్కాన్ఎఫ్‌కు తోబుట్టువు. లేబొరేటరీలో అందరూ దాన్ని రికార్డు పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంటారు. అది ఎక్కడ, ఎందుకు దెబ్బతీస్తుందో నిజంగా తెలిసినవాళ్లు చాలా తక్కువ. అదే కుటుంబపు ఆన్‌లైన్ ఆటలో 2021లో ఇంకో సంగతి జరిగింది. జీటీఏ ఆన్‌లైన్ తెరుచుకోవడానికి నిమిషాలు నిమిషాలు పట్టేది, ఏళ్లుగా అందరూ దానికి అలవాటుపడిపోయారు. టీజీరోఎస్‌టీ అనే మారుపేరుతో ఒక అభిమాని సోర్సు కోడు లేకుండానే కారణం పట్టుకున్నాడు. సుమారు 63 వేల వస్తువులున్న పది మెగాబైట్ల జాబితాను ఆట చదువుతోంది. ఒక్కో వస్తువు దగ్గర ఎస్‌స్కాన్ఎఫ్ పిలిచినప్పుడల్లా మిగిలిన జాబితా పొడవంతా మళ్లీ మొదటి నుంచి కొలుస్తోంది. దాన్ని, దాంతోపాటు దొరికిన ఇంకో లోపాన్ని సరిచేస్తే అతని కంప్యూటర్లో ఆరు నిమిషాలు పట్టేది రెండు నిమిషాలలోపుకు దిగింది. రాక్‌స్టార్ కంపెనీ ఆ మరమ్మతును అధికారికంగా ఆటలో చేర్చి, అతనికి పది వేల డాలర్ల బహుమతి ఇచ్చింది.

ఇవి వినోదానికి చెప్పడం లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచేది ఇతరులు ఎప్పుడో రాసిన కోడును చదవడంలో, అది ఎందుకు తప్పుతోందో కనిపెట్టడంలో. కాలేజీలు కొత్త ప్రోగ్రాము రాయడం నేర్పుతాయి. పాత ప్రోగ్రామును అర్థం చేసుకోవడం నేర్పే కాలేజీలు అరుదు. మీ అబ్బాయి ఆ విద్యను ఎవరూ చెప్పకుండానే పట్టుకుంటున్నాడేమో చూడాలి.

'చూడాలి' అన్నాను, ఎందుకంటే ఇతరులు చేసిన మాడ్‌లను దించుకుని, కార్లకు రంగులు మార్చుకుంటూ కూడా రాత్రులు గడిపేయొచ్చు. అది ఆటే. తేడా తెలుసుకోవడానికి మీకు కంప్యూటర్ రానక్కర్లేదు. ఒక ఆదివారం పక్కన కూర్చుని అడగండి: ఏమి చెడింది, ఎందుకు చెడింది, బాగైందని నీకెలా తెలిసింది? కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టుగా అడగండి. మొదటి ప్రశ్నకు ఆడేవాళ్లెవరైనా చెబుతారు. రెండో ప్రశ్నకు పని చేసినవాళ్లే చెప్పగలరు. మూడోదానికి జవాబుంటే, అంటే మరమ్మతుకు ముందూ తర్వాతా పరీక్షించి చూశానని చెబితే, మీ అబ్బాయి చేతిలో మంచి వృత్తికి కావలసిన సరుకుందని నమ్మండి.

ఇక దీంతో బతకొచ్చా అంటే, కొందరు బతుకుతున్నారు. డార్క్ సోల్స్ ఆట 2012లో కంప్యూటర్లకు వచ్చినప్పుడు బొమ్మ మసకగా ఉండేది. ఆస్ట్రియాకు చెందిన పీటర్ థోమన్, అభిమానులకు డ్యురాంటేగా తెలిసిన వ్యక్తి, విడుదలైన వెంటనే దానికి మరమ్మతు తెచ్చాడు. తర్వాత కంపెనీలే పిలిచి తమ ఆటల కంప్యూటర్ రూపాల పని అప్పగించాయి. డూమ్ 64ను అభిమానిగా కంప్యూటర్లకు తెచ్చిన శామ్యూల్ విల్లారియల్ నైట్‌డైవ్ స్టూడియోస్‌లో చేరాడు. అదే ఆట 2020లో అధికారికంగా మళ్లీ విడుదలైనప్పుడు ఆ పని చేసింది ఆ సంస్థే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కు అదనపు భాగం తయారుచేసిన అభిమానుల బృందం ఫర్‌గాటెన్ ఎంపైర్స్ అనే స్టూడియోగా మారి, 2019 నాటి కొత్త రూపం తయారీలో ప్రధాన పాత్ర పోషించింది. ద్రావిడులు, బెంగాలీలు, గూర్జరులతో 2022లో వచ్చిన భాగం కూడా వాళ్ల పనే.

ఇంకోవైపు వెర్నర్ స్పాల్ ఉన్నాడు. వ్యాంపైర్ బ్లడ్‌లైన్స్ అనే ఆట 2004లో లోపాలతోనే విడుదలైంది, కొన్ని నెలలకే దాన్ని చేసిన ట్రోయికా స్టూడియో మూతపడింది. ఈ జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఏళ్లకేళ్లు దానికి ప్యాచ్‌లు విడుదల చేస్తూ వచ్చాడు. ఇవాళ ఆ ఆట కొత్తగా ఆడేవాళ్లకు అందరూ మొదట చెప్పేది ఆ ప్యాచ్ వేసుకోమనే. అయినా అతని వృత్తి రసాయన శాస్త్రమే. మాడ్‌లు చేసేవాళ్లలో అత్యధికులు ఇలాంటివాళ్లే, దీని నుంచి జీతం రాదు. మీ అబ్బాయికి ఈ మాట దాచకుండా చెప్పండి.

జీతం వచ్చేది ఈ పనిలో అబ్బిన నైపుణ్యం నుంచి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు, బెంగళూరులో రాక్‌స్టార్‌కు స్టూడియోలున్నాయి. కానీ నేను గేమ్ కంపెనీల దగ్గరే ఆగిపోను. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్‌విడియా వంటి చిప్ కంపెనీలకు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలున్నాయి. మెమరీ, డీబగ్గర్, మెషిన్ కోడుకు దగ్గరగా ఉండే అసెంబ్లీ భాష తెలిసిన కుర్రవాళ్లు డ్రైవర్లు (చిప్‌లను నడిపించే ప్రోగ్రాములు), సిస్టమ్ సాఫ్ట్‌వేర్ రాసే అలాంటి చోట్ల రాణిస్తారు. మాల్‌వేర్‌ను, అంటే హాని చేసే ప్రోగ్రాములను, విప్పి చూసే సైబర్ సెక్యూరిటీ పనికి కూడా ఇదే విద్య కావాలి. అమెరికా భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ 2019లో విడుదల చేసిన, మెషిన్ కోడును విప్పి చదవడానికి పనికొచ్చే గీడ్రా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీ అబ్బాయికి అది బహుశా తెలిసే ఉంటుంది.

మీ తమ్ముడి భయం పూర్తిగా నిరాధారం కాదు, అలాగని ఆయన చెప్పినంతా నిజం కాదు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, చట్టబద్ధంగా పొందిన ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో పరిశీలించి అధ్యయనం చేయడానికి, సొంత అవసరానికి వ్యాపారేతరంగా మార్పు చేసుకోవడానికి వీలిస్తుంది. ఆట ఫైళ్లను, కోడును ఇతరులకు పంచడం వేరే సంగతి. రాక్‌స్టార్ 2017లో, ఒంటరిగా ఆడే ఆటలకు లాభాపేక్ష లేకుండా చేసే మాడ్‌లపై సాధారణంగా చర్యలు తీసుకోబోమని ప్రకటించింది. అయినా 2021లో ఆ ఆటల కోడును యథాతథంగా తిరిగి నిర్మించి బయట పెట్టిన ప్రాజెక్టుపై మాతృసంస్థ టేక్‌టూ కోర్టుకెళ్లింది. కాబట్టి అబ్బాయి దగ్గరున్న ఆట దొంగ కాపీ అయితే ముందు దాన్ని తీసేయించండి, కొనుక్కున్న కాపీ మీదే పనిచేయమనండి. పంచేది తను రాసిన ప్యాచ్ మాత్రమే కావాలి. ఆన్‌లైన్ ఆటల జోలికి, ఆటలో మోసంతో గెలిపించే చీట్‌ల జోలికి అసలు పోకూడదు. చీట్ అమ్మి సంపాదించిన డబ్బు ఏ రెజ్యూమేలోనూ పెట్టుకోలేడు.

చట్టపరమైన చిక్కే లేకుండా పనిచేయాలనుకుంటే దారులున్నాయి. డూమ్ ఆట సోర్సు కోడును దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీ 1997లోనే బయటపెట్టింది, అభిమానులు దాన్ని ఇప్పటికీ మెరుగుపరుస్తున్నారు. మోరోవిండ్ ఆట ఇంజన్‌ను సీ++లో కొత్తగా రాస్తున్న ఓపెన్‌ఎండబ్ల్యూ, ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ ఆధారంగా వచ్చిన ఓపెన్‌టీటీడీ కూడా అందరికీ తెరిచి ఉన్నాయి. అక్కడ ఒక చిన్న లోపం సరిచేసి పంపితే, అనుభవజ్ఞులు దాన్ని వరుసవరుసగా చదివి తప్పులు చెబుతారు. అంతటి పాఠం నాకు తెలిసి ఏ ఫీజుకూ దొరకదు. శాన్ ఆండ్రియాస్ మీద చేసిన పనిని కూడా రాసి పెట్టుకోమనండి: లక్షణం, కారణం, మరమ్మతు, పరీక్ష, అన్నీ చక్కని ఇంగ్లిషులో ఒకటిన్నర పేజీ. ఇంటర్వ్యూలో ఆ పేజీ గురించి పది నిమిషాలు మాట్లాడగలిగితే చాలు, మార్కుల పట్టిక వెనక్కి జరుగుతుంది.

ఆరు లక్షల కోర్సు సంగతి. గేమ్ డిజైన్ అంటే ఆట నియమాలు, స్థాయిలు, కథ, ఆడేవాళ్ల అనుభవం రూపొందించడం. మీరు రాసినదాన్ని బట్టి మీ అబ్బాయి మొగ్గు ప్రోగ్రామింగ్ వైపుంది, ఈ రెండూ వేరు వేరు పనులు. నిజంగానే డిజైన్ మీద మనసుంటే, డిగ్రీ అయ్యాక అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ తన బెంగళూరు కేంద్రంలో నడిపే డిజిటల్ గేమ్ డిజైన్ పీజీకి ప్రవేశ పరీక్ష రాయొచ్చు. దానికీ డిగ్రీ ఉండాల్సిందే. ప్రైవేటు సంస్థవాళ్లను మాత్రం ఒకటి అడగండి: గత బ్యాచ్ విద్యార్థులు చేసిన ఆటలు ఆడి చూడటానికి ఇస్తారా, వాళ్లలో ఇద్దరితో ఫోనులో మాట్లాడిస్తారా? కాదంటే డబ్బు కట్టకండి.

మిగిలింది తప్పిన మ్యాథ్స్ పేపరు. అబ్బాయితో బేరమాడండి, నేనైతే అలాగే చేస్తాను. కంప్యూటర్ తీసేయకండి, తీసేస్తే మీకు చెప్పకుండా చేస్తాడు. సప్లిమెంటరీ అయ్యేదాకా రాత్రి పదకొండున్నరకు ఆపాలి, శని ఆదివారాలు ప్యాచ్ పనికి స్వేచ్ఛ. ఆ పేపరులో మాత్రికలు, లీనియర్ ఆల్జీబ్రా ఉంటే, ఆటలో బొమ్మ తిరగడం, కెమెరా కదలడం అంతా వాటి మీదే నడుస్తుందని గుర్తుచేయండి. ఆ అధ్యాయాలతోనే చదువు మొదలుపెట్టమనండి. ఈ నెలలో పరీక్ష ఫీజు కట్టే గడువు ఎప్పుడో కాలేజీలో కనుక్కుని, అది దాటకుండా మీరే చూడండి.