పెన్సిల్ సెల్స్ ఆర్నెల్లకే పాడవుతుంటే ఛార్జర్‌నే అనుమానించండి

మీ ప్రశ్న చదవగానే నా పాత రోజులు గుర్తొచ్చాయండి. మీరు రాసింది ఇదీ: 300 రూపాయల ఛార్జర్, దాంతోపాటు వచ్చిన నాలుగు రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్, ఆర్నెల్లు తిరక్కుండానే బాబు బొమ్మ కారు పది నిమిషాలకే ఆగిపోవడం, అమ్మగారి బీపీ మెషిన్‌లో బ్యాటరీ గుర్తు వెలగడం. రెండోసారి కొత్త సెల్స్ కొన్నా అదే పరిస్థితి కాబట్టి ఈసారి ఇంకా ఎక్కువ ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) ఉన్నవి కొనాలా అని అడిగారు. వద్దండి. ఆ డబ్బు ఛార్జర్ మీద పెట్టండి. అదే పాత ఛార్జర్‌లో పెడితే ఎంత మంచి సెల్ అయినా పాడవుతుంది.

నేను భీమవరం చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. ఒక్కో ఫ్లాష్‌లో నాలుగు డబుల్ ఏ సెల్స్, అంటే మామూలు పెన్సిల్ సెల్స్, పడతాయి. రెండు ఫ్లాష్‌లు, వాటిని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్లు, స్పేర్ సెట్లు అన్నీ కలిపి ఇరవై పైచిలుకు సెల్స్ ఎప్పుడూ నా బ్యాగులో ఉంటాయి. మొదట్లో నా దగ్గరా మీలాంటి ఛార్జరే ఉండేది. ఒక పెళ్లిలో రాత్రి రెండు దాటాక ముహూర్తం. జీలకర్ర బెల్లం పెట్టి తెర తీశారు, పెళ్లికూతురు తలెత్తి చూసింది. నేను నొక్కాను, ఒక ఫొటో వచ్చింది. రెండోది తీద్దామంటే ఫ్లాష్ వెనక, అది సిద్ధమైందని చెప్పే ఎర్ర లైటు వెలగదే! మామూలుగా రెండు మూడు సెకన్లలో వెలగాలి. మనసులో లెక్కపెట్టుకుంటున్నాను, పది దాటింది. ఈలోగా అమ్మాయి తల దించేసుకుంది. ఆ చూపు మళ్లీ రాలేదు. ఆ సెల్స్ ఆ రోజు మధ్యాహ్నమే ఛార్జింగ్ పూర్తయి తీసినవి.

ఇంటికొచ్చి వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్‌తో ఒక్కోటీ చూశాను. మూడు సెల్స్ 1.25 వోల్టుల దగ్గర ఉన్నాయి. నాలుగోది 1 వోల్టు కూడా లేదు. నాలుగూ వరసగా కలిసి పనిచేస్తాయి కాబట్టి ఆ ఒక్కటి దిగిపోతే మిగతా మూడు ఎంత నిండుగా ఉన్నా లాభం లేదు. మిగతా మూడింటి కరెంటు ఆ ఖాళీ సెల్ గుండా తోసుకుంటూ పోతుంది, అది ఇంకా పాడవుతుంది.

అప్పుడు ఛార్జర్‌ని తిప్పి చూశాను. నాలుగు గదులు, కానీ లైట్లు రెండే. అంటే సెల్స్‌ని జతలుగా ఛార్జ్ చేస్తోంది. జతలో ఒకటి సగం నిండి, ఇంకొకటి ఖాళీగా ఉంటే ఆ ఛార్జర్‌కి తేడా తెలియదు. రెండింటికీ ఒకే కరెంటు, ఒకే టైము. ఒకటి నిండిపోయాక కూడా ఎక్కుతూనే ఉంటుంది, రెండోది నిండకముందే ఆగిపోతుంది. ఇలా ఇరవై ముప్పై సార్లు జరిగితే ఆ జతలో రెండూ రెండు రకాలుగా పాడవుతాయి. మీరు బాబు కారులో రెండు, మౌస్‌లో ఒకటి వాడి, తర్వాత అన్నీ కలిపి ఛార్జర్‌లో పెడుతున్నామన్నారు కదా, మీ ఇంట్లోనూ ఇదే జరుగుతోందని నా నమ్మకం. అందుకే కొనేముందు మొదట చూడాల్సింది ఇదొక్కటే: నాలుగు గదులకీ నాలుగు విడి లైట్లుండాలి, లేదా స్క్రీన్ మీద నాలుగు విడి అంకెలుండాలి. పెట్టె మీద ‘రెండు లేదా నాలుగు సెల్స్ మాత్రమే పెట్టాలి’ అని ఉంటే అది జతల ఛార్జర్. ఒక్క సెల్ పెట్టినా పనిచేసేదే తీసుకోండి.

రెండోది, అది ఎప్పుడు ఆగాలో దానికెలా తెలుస్తుందన్నది. చవక ఛార్జర్లలో ఉండేది ఉత్త టైమరే. ఎనిమిది గంటలు పెట్టేస్తుంది, సెల్ సగం నిండి ఉన్నా ఎనిమిది గంటలే. దానికి తోడు మన ఊళ్లలో కరెంటు కోతలు! మే నెలలో ఒకరోజు సాయంత్రం పెట్టి పడుకున్నాను. రాత్రి రెండుసార్లు కరెంటు పోయి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ టైమర్ మళ్లీ సున్నా నుంచి మొదలైంది. పొద్దున్న తీయబోతే వేళ్లు చురుక్కుమన్నాయి, సెల్ మీద ప్లాస్టిక్ తొడుగు అంచున ముడుచుకుపోయింది. ఆ నాలుగూ తర్వాత నెల రోజులు కూడా పనిచేయలేదు.

మంచి ఛార్జర్ గడియారాన్ని చూడదు, సెల్‌నే చూస్తుంది. మనం వాడే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ ఛార్జ్ అవుతున్నంతసేపూ వోల్టేజ్ నెమ్మదిగా పెరుగుతుంది. నిండగానే శిఖరానికి చేరి, కొన్ని మిల్లీవోల్టులు కిందికి జారుతుంది. అదే సమయంలో సెల్ వేడెక్కడం మొదలవుతుంది. ఆ చిన్న జారుడుని పట్టుకుని ఆపేయడమే స్మార్ట్ ఛార్జర్ పని. పెట్టె మీద ‘మైనస్ డెల్టా వి’ అని రాస్తారు, అది ఇదే. దానికి తోడు వేడిని గమనించే సెన్సార్, చివరి రక్షణగా టైమర్ ఉంటే ఇంకేం కావాలి. మధ్యలో కరెంటు పోయినా, తిరిగి వచ్చాక నిండిన సెల్‌ని కాసేపట్లోనే గుర్తుపట్టి వదిలేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ‘ఎంత నెమ్మదిగా ఎక్కితే సెల్‌కి అంత మంచిది’ అంటారు. పూర్తిగా నిజం కాదండి. కరెంటు మరీ తక్కువైతే నేను చెప్పిన ఆ జారుడు సరిగా కనపడదు, ఛార్జర్ దాన్ని దాటవేసి ఎక్కిస్తూనే పోవచ్చు. అలాగని పావుగంటలో నింపేస్తానంటే సెల్ బాగా వేడెక్కుతుంది. 2000 ఎంఏహెచ్ డబుల్ ఏ సెల్‌కి 500 నుంచి 1000 మిల్లీ ఆంప్‌ల మధ్య నాకు బాగా కుదిరింది. సన్న సెల్స్‌కి, అంటే ట్రిపుల్ ఏకి, అందులో సగం చాలు. ఎంతసేపు పడుతుందో లెక్క తేలికే: సెల్ ఎంఏహెచ్‌ని ఛార్జర్ కరెంటుతో భాగించి, దానికి ఐదో వంతు కలపండి. 2000ని 500తో భాగిస్తే నాలుగు, కలిపితే దాదాపు ఐదు గంటలు.

నేను రెండు వాడుతున్నాను. ఒకటి పానసోనిక్ ఎనెలూప్ సెల్స్‌తో కలిపి వచ్చిన నాలుగు లైట్ల ఛార్జర్. రెండోది స్క్రీన్ ఉన్న ఓపస్ బీటీ-సీ3100. ఇది సెల్‌ని నింపి, ఖాళీ చేసి, మళ్లీ నింపి అసలు ఎంత పట్టిందో అంకెల్లో చూపిస్తుంది. దాన్లో ఫ్యాను ఉంది, రాత్రిపూట కొంచెం చప్పుడు వస్తుంది. మీ ఇంటి అవసరానికి మొదటి రకం సరిపోతుంది. కానీ ఆ స్క్రీన్ ఛార్జర్ వల్ల నా కళ్లు తెరుచుకున్నాయి. 3000 అని పెద్ద అక్షరాలతో ముద్రించిన సెల్స్‌ని పరీక్షిస్తే 1100 చూపించింది. డబుల్ ఏ సైజులో నిజంగా పట్టేది మహా అయితే 2500 నుంచి 2700 వరకే. 3500, 4000 అని రాసుంటే ఆ అంకెని నమ్మకండి.

ఎక్కువ ఎంఏహెచ్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎనెలూప్‌లోనే 2000 రకానికి కంపెనీ 2100 సార్ల ఛార్జింగ్ చెబుతుంది, 2500 ఉండే ప్రో రకానికి 500 సార్లే. నేను ఫ్లాష్‌లకు ప్రో వాడతాను, నాకు రాత్రంతా ఆగాలి కాబట్టి. బాబు బొమ్మలకు మామూలుదే మేలు. ఈ ఎనెలూప్ సెల్స్‌ని 2005లో సాన్యో కంపెనీ తెచ్చింది, తర్వాత అది పానసోనిక్ చేతికి వెళ్లింది. డ్రాయరులో నెలల తరబడి పడేసినా ఛార్జ్ పెద్దగా పోదు, అదే వీటి గొప్పతనం.

అమ్మగారి బీపీ మెషిన్ విషయం వేరండి. రీఛార్జబుల్ సెల్ 1.2 వోల్టులది, మెషిన్ 1.5 లెక్కన చూస్తుంది. అందుకే సెల్‌లో ఇంకా పవర్ ఉన్నా బ్యాటరీ గుర్తు వచ్చేస్తుంది. ఆరోగ్యానికి సంబంధించింది కాబట్టి దానికి అడాప్టర్ గానీ మంచి ఆల్కలైన్ సెల్స్ (ఒకసారి వాడి పారేసేవి) గానీ వాడండి. గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కి మామూలు సెల్ ఏడాదికి పైగానే వస్తుంది, వాటికి రీఛార్జబుల్ అనవసరం.

ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోకండి. ఇప్పుడు 1.5 వోల్టుల లిథియం డబుల్ ఏ సెల్స్ వస్తున్నాయి, కొన్నింటికి పక్కనే ఛార్జింగ్ రంధ్రం కూడా ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ వాటిని ఈ ఛార్జర్లలో పెట్టకూడదు, ప్రమాదం. వాటి ఛార్జింగ్ వేరు. ఆల్కలైన్ సెల్‌ని కూడా వీటిలో పెట్టకూడదు. బాబు చేతికి అందేచోట ఇవన్నీ కలిపి ఉంచకండి.

గోడకి పెట్టే ఛార్జర్ అయితే వెనక బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉందో లేదో చూడండి. యూఎస్‌బీ రకమైతే ల్యాప్‌టాప్‌కి కాకుండా 2 ఆంప్‌ల ఫోన్ అడాప్టర్‌కి పెట్టండి, నాలుగు సెల్స్‌కి ల్యాప్‌టాప్ ఇచ్చే కరెంటు చాలకపోవచ్చు. ఎండాకాలంలో ఫ్రిజ్ మీదో టీవీ వెనకో వేడిలో పెట్టకండి. వేడికి సెల్ సరిగా ఛార్జ్ తీసుకోదు. నేను రాత్రిపూట ఫ్యాను కింద బల్ల మీద పెడతాను.

ఛార్జర్ ఇంటికి రాగానే మొదటి రాత్రే ఇలా చేయండి. బాబు కారులో పూర్తిగా దిగిపోయిన సెల్ ఒకటి, కాసేపే వాడింది ఇంకొకటి పక్కపక్కన పెట్టండి. రెండింటి లైట్లూ వేర్వేరు సమయాల్లో ఆరాలి. ఆరిన వెంటనే పట్టుకుంటే గోరువెచ్చగా ఉండొచ్చు, చేయి వెనక్కి తీసుకునేంత వేడి ఉండకూడదు. రెండూ ఒకేసారి ఆరితే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.