లీకు అలారాన్ని ఆపేయవచ్చా?

ప్రశ్న: పటాన్‌చెరులోని ఒక మందుల పరిశ్రమ ల్యాబులో పనిచేస్తున్నాను. మా హెచ్‌పీఎల్‌సీలో (ద్రవాన్ని అధిక పీడనంతో పంపి నమూనాలోని పదార్థాలను వేరుచేసే పరికరం) నీరు, అసిటోనైట్రైల్ ద్రావణులుగా వాడినంత కాలం ఇబ్బంది లేదు. పాలిమర్ పరీక్షల కోసం టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి) మొదలుపెట్టాక గొట్టాల బిగింపుల దగ్గర తరచూ కారుతోంది. అలారం మోగి రన్ ఆగిపోతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ అలారాన్ని ఆపేయవచ్చా?

జవాబు: ఆపకండి. ద్రావణి మారిన ప్రతిచోటా ఇదే ఫిర్యాదు వస్తోంది, ప్రతిసారీ అలారం మీదికే నెపం పోతోంది. టీహెచ్‌ఎఫ్ మండే గుణం -14 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మొదలవుతుంది; దాని ఆవిరి గాలికంటే బరువైనది కనుక బల్ల మీద నుంచి జారి నేలబారుగా పాకుతూ, దూరంగా ఉన్న స్విచ్చు నిప్పురవ్వను కూడా అందుకోగలదు. రాత్రంతా మనిషి లేకుండా నడిచే పరికరంలో ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టేది ఆ చిన్న సెన్సారే. ఏ ద్రావణి నడుస్తోందో కూడా అడగకుండా, ఒక్క టిక్కుతో దానిని ఆపేసే వీలు కల్పించిన సాఫ్ట్‌వేర్ రూపకర్తల నిర్లక్ష్యాన్ని నేను క్షమించలేను.

మీ గొట్టాలు, బిగింపులు లేత గోధుమరంగులో ఉంటే అవి చాలావరకు పీక్ (PEEK) అనే ప్లాస్టిక్‌వే. అది నీటికి, అసిటోనైట్రైల్‌కు బాగా తట్టుకుంటుంది కానీ, టీహెచ్‌ఎఫ్, డైక్లోరోమీథేన్, డీఎంఎస్‌ఓ వంటి ద్రావణులలో ఉబ్బి బలం కోల్పోతుంది. అధిక పీడనంలో గొట్టం పగలవచ్చు కూడా. మరింత బిగించి లాభం లేదు, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి.

కారకుండా అడ్డుకునే గుండ్రటి రబ్బరు ఓ-రింగులు ఇంకా చిక్కు. విటాన్ రకం హెక్సేన్‌కు నిలుస్తుంది, అసిటోన్‌లోనూ టీహెచ్‌ఎఫ్‌లోనూ ఉబ్బిపోతుంది. ఈపీడీఎం అనే మరో రబ్బరు రకం అసిటోన్‌కు నిలుస్తుంది, హెక్సేన్‌లో ఉబ్బుతుంది. రెండూ తరచూ నల్లగా, ఒకే కొలతలో వస్తాయి, వాటి మీద పదార్థం పేరు సాధారణంగా ముద్రించరు. కనీసం రంగైనా వేరుగా ఇవ్వాలని తయారీదారులందరికీ తోచకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అనుమానం ఉన్న రింగును తూచి, మూత ఉన్న గాజు సీసాలో అదే ద్రావణిలో ఒక రోజు నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. బరువు గణనీయంగా పెరిగితే దానిని వాడవద్దు. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) దాదాపు అన్ని ద్రావణులకూ తట్టుకుంటుంది కానీ, రబ్బరులా తిరిగి పొంగదు, ఒత్తిడిలో నెమ్మదిగా సాగిపోతుంది.

చివరగా, ఇంతకుముందు ఉప్పు బఫర్లు (ఆమ్ల-క్షార స్థాయిని నిలకడగా ఉంచే ద్రావణాలు) వాడి ఉంటే ముందు నీటితో, ఆపై ఐసోప్రొపనాల్‌తో కడిగాకే టీహెచ్‌ఎఫ్ పెట్టండి. లేకపోతే లోపల ఏర్పడిన ఉప్పు స్ఫటికాలు కొత్త పంపు సీలును సైతం గీరేస్తాయి.