పర్లాకిమిడిలో ముత్తాత ఇల్లు వెతకబోయే మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. మీ ముత్తాత ఇల్లు పర్లాకిమిడిలో కొండవార ఉండేదట, దసరా సెలవల్లో వచ్చి వెతుకుతానన్నావు. రా, ఎందుకు రావద్దంటాను, కానీ దసరాకి మాత్రం వద్దు, వానలు పూర్తిగా ఆగవు, తుప్పలు నిలువెత్తు ఉంటాయి, పునాది కనబడదు గానీ పాము కనబడతాది. మాఘమాసంలో రా. గడ్డి ఎండిపోయి ఉంటాది, పొద్దుటి ఏటవాలు ఎండకి నేలలో ఉన్న ఎగుడుదిగుళ్ళన్నీ నీడలు పడి వాటంతటవే బయటపడతాయి.

ముందు ఒక్కటి బుర్రలో పెట్టుకో, ఇంటిని వెతక్కు, వీధిని వెతుకు. ఇల్లు కూలిపోతే రాళ్ళు కూడా ఎవడో పట్టుకుపోతాడు. వీధి అలా కాదు, మనుషులు మర్చిపోయినా నలుగురి కాయితాల్లో ఉంటాది. మీ దస్తావేజు చెదలు తినీసిందని మీ అమ్మ బెంగపడింది గానీ నీకు దాంతో పెద్ద పని లేదురా, పక్కింటివాళ్ళ దస్తావేజు కావాలి. పాత అమ్మకం కాయితాల్లో నాలుగు హద్దులు రాసేవారు కదా, తూర్పు ఫలానా వారి పెరటి గోడ, దక్షిణం వీధి, పడమర ఫలానా వారి ఇల్లు, ఉత్తరం కొండ అని. ఆ ఫలానా వారిలో మీ ముత్తాత ఉంటాడు. ఒక కాయితంలో దొరికిన పేరు పట్టుకుని ఇంకో కాయితం, దాన్లోంచి ఇంకో పేరు, అలా ఒక పదిళ్ళు కలిశాయనుకో, వీధి దానంతటదే గీసుకుంటాది.

దానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి ఇండెక్స్ చూస్తానని అర్జీ పెట్టు. ఇండెక్స్ 1 మనుషుల పేర్ల మీద ఉంటాది, ఇండెక్స్ 2 ఆస్తి మీద, నీకు రెండోదే ముఖ్యం. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు, వారసుడివని రుజువులేవీ చూపించక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఊరు ఒరిస్సాలో కలిసింది కాబట్టి అంతకుముందువన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా కాయితాలు, తెలుగులోనివి గొలుసుకట్టు రాతలో ఉంటాయి, నీలాంటివాడు మొదటి లైన్లోనే ఆగిపోతాడు. తర్వాతవాటికి ఒడియా వచ్చినవాడు కావాలి. రెండూ వచ్చిన ముసలాడిని నేనున్నాను కదా. (వాడుక భాషలో రాయండర్రా అని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు, ఊరు అటు కలిసిన ఏడాదే రాజమండ్రి వెళ్ళిపోయారు, ఆ దస్తావేజుల గ్రాంథికం చదువుతుంటే నాకు ఆయనే గుర్తొస్తారు.) తారీఖు చిరిగిపోయిన కాయితం దొరికినా పారీకు, హద్దుల్లో రైలుకట్ట అని ఉందేమో చూడు. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది 1900లో, గుణుపురం దాకా వెళ్ళింది 1931లో. అంటే పర్లాకిమిడి జాగాకి రైలుకట్ట హద్దు రాశారంటే అది 1900కి మరీ ముందుది అవ్వదు.

ఫోన్లో చెయ్యగలిగింది కూడా ఉంది, ఒడిశా ప్రభుత్వం భూముల లెక్కలు పెట్టే భూలేఖ్ సైట్లో ఖతియాన్, అంటే హక్కుల కాయితం తీసి కిసం కాలమ్ చూడు, భూమి ఏ రకమో అందులో ఉంటాది, ఘరబారి అంటే ఇంటి జాగా, రాస్తా అంటే దారి. మ్యాపులో సన్నగా పొడుగ్గా రాస్తా ప్లాట్ ఉండి, అక్కడికెళ్తే దారే లేదనుకో, అరటిచెట్లో బాత్‌రూమో ఉన్నాయనుకో, నీ పాత దారి అక్కడే ఉన్నట్టు.

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి చెప్తాను. అమీనుగా భూములు కొలిచే పనిలో ఇన్నేళ్ళు గొలుసు లాగినవాణ్ణి కదా అని మా స్నేహితుడొకాయన వాళ్ళ తాతగారిల్లు చూపించమన్నాడు. కాయితంలో తూర్పు రాస్తా అని ఉంది, నేను దర్జాగా ఇప్పటి సిమెంటు రోడ్డుకి పడమరనున్న ఇల్లు చూపించీశాను. వాళ్ళావిడ గడపకి పసుపు రాసి కళ్ళు తుడుచుకుంది, ఆయన కొబ్బరికాయ కొట్టాడు, ఆ ఇంటివాళ్ళు పాపం కాఫీలు కూడా ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత ఏదో పనిమీద దాని వెనక సందులోకెళ్తే ఒక పాతింటికి పెరటివైపు అరుగులున్నాయి. మంచి రాతి అరుగులు, కూర్చుని కూర్చుని నున్నగా అయిపోయినవి, మధ్యలో ఇటుకలతో మూసీసిన గుమ్మం, ఎదురుగా ఆరడుగుల దూరంలో గోడ. పెరట్లోకి చూస్తూ ఎవడైనా అరుగులు కట్టుకుంటాడేటి? అప్పుడు తెలిసింది, పాత రాస్తా అది, అసలు తాతగారిల్లు అదీ. ఆయనకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత, మరి ఆ కొబ్బరికాయ ఎవరి ఖాతాలో పడినట్టోయ్ అన్నాడు.

అందుకని అరుగులు ఎటు చూస్తున్నాయో చూడు. నుయ్యి ఎక్కడుందో చూడు, ఇళ్ళు మారినా నూతిని ఎవరూ జరపలేరు. కొండవార కదా, వాననీరు దిగే కాలవ, దానిమీద పాత రాతి తూము ఉంటే ఆ తూము మీంచి దారి ఉండేదన్నమాటే. బయటపడిన బండరాళ్ళ మీద బండిచక్రాల గాడి కూడా ఉంటాది ఒక్కోచోట, చేత్తో తడిమితే తెలుస్తాది.

కొలతల దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. పాత మ్యాపుల్లో గొలుసు అంటే 66 అడుగులు, అందులో 100 లింకులు. మ్యాపు కొలత ఎప్పుడూ చదును కొలత. నువ్వు వాలు వెంబడి టేపు పరిచీసి కొలిస్తే తేడా వచ్చీస్తాది, 20 డిగ్రీల వాలులో నువ్వు కొలిచిన 100 అడుగులు మ్యాపులో 94 అడుగులే. టేపుని బల్లపరుపుగా పట్టుకుని, చివర దారానికి గుండు కట్టి వదిలి, అది తగిలిన చోటినుంచి మళ్ళీ పట్టుకుని, అలా మెట్లుమెట్లుగా దిగాలి. ఇద్దరు కావాలి దానికి, మీ తమ్ముణ్ణి కూడా తీసుకురా, ఊరికే ఫోన్ చూసుకుంటున్నాడట.

ముసలాళ్ళని అడిగేటప్పుడు ఫలానావారి ఇల్లెక్కడ అని అడక్కు, వాళ్ళు మొహమాటానికి ఏదో ఒకటి చూపించీస్తారు, నేను చూపించినట్టే. పెళ్ళి ఊరేగింపు ఎటు తిరిగేది మామ్మా, శవాన్ని ఎటు తీసుకెళ్ళేవారు, రథం లాగినప్పుడు మీరు ఎక్కడ నిలబడి చూసేవారు అని అడుగు. చేత్తో చూపిస్తారు. ఆ చెయ్యి ఇప్పుడున్న ఇంటి గోడలోంచి వెళ్తున్నట్టుంటే ఆ గోడ దగ్గర ఒక గుర్తు పెట్టుకో. ముందే మాత్రం మా ముత్తాత జాగా అనకు, దావా వెయ్యడానికొచ్చాడని తలుపులేసుకుంటారు. చూసి పోడానికొచ్చానని మొదటే చెప్పీ.

వైజాగులో గుణుపురం ప్యాసింజరెక్కు, స్టేషన్‌కి నేనొస్తాను. టేపు, గుండు నా దగ్గరున్నాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రా.

మీ మావయ్య