చిన్న సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ సంస్థ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

విజయనగరంలో కన్సల్టింగ్ (క్లయింట్లకు, అంటే బయటి కంపెనీలకు, సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టడం), ట్రైనింగ్ రెండూ చేసే చిన్న సంస్థలో చేరొచ్చా అని అడిగారు. ముందు, పాఠం చెప్పేవారు క్లయింట్ల పని కూడా చేస్తున్నారో లేదో కనుక్కోండి. నా దృష్టిలో అసలు విషయం అదే.

ఒక డెమో క్లాసులో కూర్చోండి. తెర మీద ఎర్రర్ వస్తే గబగబా చెరిపేసి, సిద్ధంగా ఉంచుకున్న కోడ్ పేస్ట్ చేస్తున్నారా? లేక ఆ మెసేజ్‌ను పిల్లలచేత చదివించి, ఏ లైన్లో తప్పుందో వాళ్లచేతే పట్టిస్తున్నారా? రెండో రకం వాళ్ల దగ్గరే పని నేర్చుకోగలరు.

2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి, సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో చెబుతూ రాసిన అజైల్ మేనిఫెస్టో అనే ప్రకటన కూడా పద్ధతులు, టూల్స్ కంటే మనుషులకూ వాళ్ల మధ్య మాటామంతీకీ ఎక్కువ విలువిచ్చింది. చిన్న ఆఫీసులో అది కుదురుతుంది, కోడ్ రాసినవారి పక్కనే కూర్చుని అడగొచ్చు.

ఉద్యోగం గ్యారంటీ అంటూ ముందే డబ్బు కట్టమంటే మాత్రం చేరకుండా వెనక్కి వచ్చేయండి. బొబ్బిలి, పార్వతీపురం నుంచి రోజూ వచ్చే పిల్లల ఇళ్లలో ఆ ఫీజు చిన్న మొత్తం కాదు.