ప్యాడ్లు కొత్తవి వేసినా పాత కారు డిస్క్ బ్రేకులు కీచుమంటున్నాయి, మళ్లీ ప్యాడ్లే మార్చమంటున్నారు, మార్చాలా?

వద్దండీ, ముందు చక్రం విప్పించి చూడండి. బ్రేక్ సౌండ్ అనగానే ప్యాడ్లు మార్చేయడం ఒక జబ్బయిపోయింది.

మా నాన్నగారి పాత కారుకి అచ్చం ఇదే గొడవ. మెకానిక్ కాస్త దూరం నడిపి, చక్రం కూడా విప్పకుండా "ప్యాడ్లు సార్" అనేశాడు, మార్చాడు, కొన్నాళ్లకి మళ్లీ అదే కీచు, ఈసారి వేరే కంపెనీ ప్యాడ్లన్నాడు. ఇక లాభం లేదని నేనే జాకీ ఎత్తి కింద స్టాండ్ పెట్టి చక్రం విప్పా. బయటి ప్యాడ్ కొత్తదానిలా ఉంది, లోపలిది వెనకున్న ఇనుప రేకు దాకా అరిగిపోయింది! ప్యాడ్లని డిస్క్‌కి అదిమే బిగింపు, అదే కాలిపర్, దాన్ని చేత్తో ఊపితే కదల్లేదు. కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్ మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి, నీళ్లు దిగి, పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. మామూలు కార్లలో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ లోపలి వైపే ఉంటుంది, పిన్ను మీద కాలిపర్ జరిగితేనే బయటి ప్యాడ్ డిస్క్‌కి ఆనుతుంది, జరక్కపోతే లోపలి ప్యాడే చాకిరీ అంతా చేస్తుంది. పిన్నులు శుభ్రం చేసి, బూట్లు మార్చి, సిలికాన్ గ్రీజు రాసి, ప్యాడ్లు వేశాక ఇంతవరకు కిక్కురుమనలేదు. డబ్బాలో ఉన్న మామూలు గ్రీజు మాత్రం పూయనివ్వకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. పిస్టన్ పట్టేసినా లోపలి ప్యాడ్ ఇలాగే అరుగుతుంది కాబట్టి అది వెనక్కి సాఫీగా వెళ్తోందో లేదో కూడా చూడమనండి.

పెడల్ నొక్కకుండానే సన్నగా కీచుమంటూ నొక్కితే ఆగిపోతుంటే, ప్యాడ్ అరిగిందని చెప్పే రేకు డిస్క్‌కి తగులుతోందేమో, లేదా ప్యాడ్ వదులుగా ఉందేమో. గరగరమంటే మాత్రం బండి ఆపేయండి, ఇనుము ఇనుముని కోస్తోంది. వాన పడిన మర్నాడు పొద్దున వచ్చి, నాలుగుసార్లు బ్రేకు నొక్కగానే పోయే సౌండ్ ఉత్త తుప్పుది, దానికి షెడ్డుకి పరిగెత్తక్కర్లేదు.

ఇంకోటి, సౌండ్ పోవాలని డిస్క్ మీద ఆయిల్ స్ప్రే కొట్టేవాళ్లుంటారు చూడండి, వాళ్లకి తాళాలు ఇవ్వకూడదు అసలు. సౌండ్ రాకుండా ప్యాడ్ వెనకాల పెట్టే పలచటి రేకులు, అదే షిమ్ములు, "అవసరం లేదు" అని పారేసేవాళ్లు ఇంకో రకం. డిస్క్ కనీస మందం చాలావాటి మీద చెక్కే ఉంటుంది, కొలిచినవాణ్ణి నేనైతే చూడలేదు.

ఈలోగా కాసేపు నడిపి ఆపి, డిస్క్‌ని ముట్టుకోకుండా రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి బాగా వేడెక్కి ఉంటే విప్పించాల్సింది అదే.