అమ్మలూ, మధ్య తూము తెరిచే ఉందా?

రాజోలు

అమ్మలూ,

వీపున జంట సిలిండర్లతో మునగడం నేర్చుకోబోతున్నావని మీ అమ్మ ఏడుస్తూనే చెప్పింది. అప్పటికే వీధంతా చెప్పొచ్చిందట. నాదీ అదే వరస.

12 లీటర్ల స్టీలు జంట, వీపుకి ఆనే ప్లేటుతో కలిపి 35 కిలోలకు పైమాటే. నించుని ఎత్తకు, బల్ల మీద పెట్టించి కూర్చుని తగిలించుకో. నిండా ఉన్న గాలే 6 కిలోల దాకా తూగుతుంది, మునక అయ్యేసరికి అది పోయి తేలికైపోతావు. అందుకే సీసం బరువు సిలిండర్లు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు, 5 మీటర్ల లోతులో సరిచూసుకోవాలి.

చెయ్యి వెనక వాల్వులకి అందకపోతే భుజాన్ని తిట్టకు. బ్యాండ్లు వదులు చేసి సిలిండర్లు రెండంగుళాలు పైకి జరుపు, భుజాల పట్టీ సడలించు. నీళ్లలో రెండో చేత్తో సిలిండరు అడుగు పట్టి పైకి తోస్తే ఇంకాస్త అందుతుంది.

ఇక అసలు సంగతి. రెండు సిలిండర్లనీ కలుపుతూ మధ్యనున్న వాల్వు, ఐసొలేటర్, మన చేపల చెరువుల మధ్య తూము లాంటిది. గాలి నింపేచోట ఎవరో మూసి మరిచిపోతారు, లేదా సాధనలో నువ్వే మూసి తెరవవు. ఎడమ వైపు నుంచి నింపారనుకో, గాలి ఒత్తిడి ఎడమదాన్లో 200 బార్, కుడిదాన్లో నిన్న మిగిలిన 50. ఒత్తిడి చూపే గేజి ఎడమ వైపు ఉంటుంది, 200 చూపిస్తుంది. నోట్లో ఉన్న పొడుగు హోసు మాత్రం కుడిది. ఒక చెరువు తోడుతూ పక్క చెరువు మట్టం చూసుకున్నట్టు! 12 లీటర్ల సిలిండర్లో 50 బార్ అంటే 600 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాళ్లకి 30 మీటర్ల లోతులో 80 పడుతుంది. ఏడెనిమిది నిమిషాలు, అంతే.

ఐదు నిమిషాలైనా ముల్లు కదల్లేదంటే గాలి పొదుపుగా వాడుతున్నానని మురిసిపోకు పిచ్చిపిల్లా. మధ్య నాబ్ చూడు. ఊపిరి బిగిసిందా, మెడలో వేలాడే రెండో రెగ్యులేటర్, అదే గాలి పీల్చే మూతి, నోట్లో పెట్టుకో, అది ఎడమ గాలి. మధ్యది తెరిచి, జతగాడికి సైగ చేసి, పైకి వచ్చెయ్యి.

ముల్లు కదలకపోవడానికి ఇంకో కారణముంది. ఓడ శిథిలం కప్పుకి రాసుకుంటూ ముందుకెళ్తే ఎడమ నాబ్ దానంతటదే మూసుకునే వైపు తిరుగుతుంది. కుడిది తెరుచుకునే వైపు. ఎడమది పూర్తిగా మూసుకుంటే మెడలోది రెండు మూడు ఊపిర్లకే చస్తుంది. అప్పుడు పొడుగు హోసే మళ్లీ నోట్లోకి, చెయ్యి ఎడమ నాబ్ మీదికి. అసలు ఈ ఏడాది శిథిలాల్లోకి దూరావంటే నాతో మాట్లాడకు.

నీళ్లలోకి దిగే ముందు కుడి, మధ్య, ఎడమ మూడూ చేత్తో తిప్పి చూడు. పూర్తిగా తెరువు. తెరిచాక పావు తిప్పు వెనక్కి తిప్పే పాత అలవాటు వద్దు, సగంలో ఉన్న నాబ్ చీకట్లో ఎటు తిప్పాలో తెలియనివ్వదు.

సెలవలకొచ్చి గోదాట్లో సాధన చేస్తానంటే మాత్రం ఒప్పుకోను. ఎర్రనీళ్లలో అరచెయ్యి కనపడదు, తెగిన వలలు రెండు సిలిండర్ల సందులోనే చిక్కుకుంటాయి. వంటగదిలో బెంగతో కూర్చునే మీ అమ్మ సంగతి సరేసరి.

మునిగిన రోజున ‘మూడూ తిప్పి చూశాను మావయ్యా’ అని ఒక్క ఫోను కొట్టు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

నీ మావయ్య