పూర్వం తెలుగువాళ్ళు శృంగారం మాటే ఎత్తేవారు కాదా?

ఎత్తేవారు. "ఈ తరమే చెడిపోయింది" అనేవాళ్ళకి నేను చెప్పేది ముద్దుపళని కథ.

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న భోగం వనిత ఆమె. 'రాధికా సాంత్వనము' రాసింది. రాధ తాను పెంచిన ఇళనే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది, ఆపైన విరహంతో, కోపంతో రగిలిపోతుంది. కృష్ణుడొచ్చి బతిమాలాలి! అందులో కోరిక ఆడదానిది, చొరవా ఆమెదే. ఆ కొలువులో అది తప్పనిపించలేదు.

వందేళ్ళు దాటేసరికి ఇంగ్లీషు చదువులూ, విక్టోరియా కాలపు నీతులూ వచ్చాయి. భోగం మేళాలను మాన్పించాలనే ఉద్యమమూ నడిచింది. కందుకూరి వీరేశలింగం అంతటి సంస్కర్తే, ఆడది అనదగని మాటలున్నాయని ఈ కావ్యాన్ని తప్పుబట్టారు. 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తూ, సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని పీఠికలో నిలదీసింది. (నాకు కావ్యం కన్నా ఆ పీఠికే ఎక్కువ ఇష్టం.) మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉండగా 1947లో ఆ నిషేధం పోయింది.

పద్యాలు అవే. చదివేవాళ్ళు మారారు. అదీ ముందుకే కాదు, వెనక్కీ. స్వలింగ సంపర్కాన్ని నేరం చేసిన 377 సెక్షన్ కూడా 1860 నాటి ఇంగ్లీషు దొరల చట్టంలోదే. 2009లో ఢిల్లీ హైకోర్టు సడలించింది, 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ బిగించింది, 2018లో వయోజనులు ఇష్టపూర్వకంగా కలిస్తే నేరం కాదంది.